కిరీటం అద్దెకు దొరుకుతుంది

ఒకే రాత్రి ముగ్గురు కృష్ణుల్ని చూసిన పుణ్యం మా ఏలూరు, కొల్లేరు ప్రాంతాల వాళ్లకి దక్కినట్టు ఇంకెంతమందికి దక్కి వుంటుంది చెప్పండి! పడక సీనుకి ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకొకాయన, తెల్లవారుజామున యుద్ధం సీనుకి మూడో ఆయన. అర్జునులు ఇద్దరో ముగ్గురో వుండేవారు. తిరునాళ్లకి కాంట్రాక్టు నాటకం పెట్టించిన పెద్దమనుషులు, పేరున్న నటుల్లో ఎవర్నీ నొప్పించలేక అందర్నీ పిలిచేవారు. ఎవరి సీను వాళ్లది. తిరుపతి వెంకటకవుల పద్యాలు అందరివీను.

దీంట్లో ఒక తమాషా వుంది. ముగ్గురికీ కిరీటం ఒకటే! డ్రెస్ కంపెనీ నుంచి అద్దెకి వచ్చింది ఒకటే ట్రంకుపెట్టె మరి. మొదటి కృష్ణుడు లోపలికి వెళ్లగానే ఆయన తల మీద కిరీటం తీసి, లోపల పాతగుడ్డ మడత ఒకటి తగ్గించో పెంచో, రెండో కృష్ణుడి తల మీద పెట్టేవారు. అదే భుజకీర్తులు, అదే నెమలిపింఛం, అదే పట్టు ఉత్తరీయం. అయినా మొదటి కృష్ణుడు రాగం తీస్తున్నప్పుడు జనం వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చుంటే, రెండో ఆయన తెర పక్కనుంచి ఇలా అడుగు పెట్టీ పెట్టగానే చాపల మీద పడుకున్నవాళ్లు కూడా లేచి కూర్చునేవారు. మూడో ఆయనకి రెండు వన్స్‌మోర్‌లు. అద్దె మాత్రం ముగ్గురికీ సమానమే!

వేషంలో సామాను వాటా ఎంత, మనిషి వాటా ఎంత అని తేల్చడానికి ఇంతకంటే నికార్సయిన పరీక్ష వుందంటే నేను నమ్మను. సామాను మార్చకుండా మనిషిని మారుస్తూ పోవడం! పీసపాటి నరసింహమూర్తిగారు రాయబారంలో కృష్ణుడిగా ఎందుకంత పేరు తెచ్చుకున్నారో, కల్యాణం రఘురామయ్యగారు నోటితో ఈల వేస్తే చేతిలో వున్న కర్రముక్క ఎందుకు వేణువై పోయేదో ఆ ట్రంకుపెట్టెని అడిగితే చెప్పలేదు.

అలాగని సామాన్ని మరీ తీసిపారెయ్యకూడదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి. రాత్రి నాటకాలకి అద్దం పెంకులు, జిగినీ, బంగారు కాయితం అంటించిన తేలిక చెక్క నగలు చాలా పనే చేసేవి. పూర్వం కూచిపూడి భాగవతుల ఆటలో పాత్ర ప్రవేశించేటప్పుడు కాగడా మీద గుగ్గిలం పొడి చల్లేవారు. భగ్గున మంట లేచేది. ఆ వెలుగులో చెక్క నగ మేలిమి బంగారమే! తరువాత పెట్రోమాక్స్ దీపాలొచ్చాయి. అవీ అద్దం పెంకుతో స్నేహం చేసేవే. పొద్దున్నే డ్రెస్ కంపెనీ కుర్రాడు ఆ నగల్ని లెక్కపెట్టి పెట్టెలో వేస్తుంటే చూడాలి... సంక్రాంతి వెళ్లిన మర్నాటి గొబ్బెమ్మల్లా వుండేవి పాపం!

చవక సామాను అంటున్నాను గానీ, దానికి నటులు ఇచ్చుకున్న వెల వేరే వుంది. ఆ రోజుల్లో మొహానికి పూసుకున్న రంగులేమిటో తెలుసా? ముర్దారుసింగి, అర్దళం, ఇంగిలీకం. బజార్లో పచారీ కొట్టులో దొరికేవి. ముర్దారుసింగిలో వున్నది సీసం. అర్దళంలో పాషాణం. ఇంగిలీకంలో పాదరసం. కొబ్బరినూనెలో కలిపి, రాత్రంతా చెమటతో పాటు చర్మంలోకి ఇంకించుకుని, తెల్లారి కడుక్కునేవారు. వేషానికి అద్దె డ్రెస్ కంపెనీకి కట్టారు. మొహానికి అద్దె ఎవరికి కట్టారో!

మన తెలుగు నాటకం పుట్టుకలోనే ఈ వేషాల గొడవ వుండడం నాకు భలే ముచ్చటేస్తుంది. 1880లో ధార్వాడ నాటక సమాజం వాళ్లు రాజమండ్రి వచ్చి ఆడి వెళ్లాక, కందుకూరి వీరేశలింగంగారు తన విద్యార్థుల చేత ‘చమత్కార రత్నావళి’ వేయించారు. షేక్‌స్పియర్ నాటకానికి తెలుగుసేత అది. ఒకర్ని చూసి ఇంకొకరనుకునే కవలల కథ. ఇక సురభి వాళ్లు 1885లో మొట్టమొదట ఆడిన నాటకం ‘కీచకవధ’. అంటే మారువేషాల కథల్లోకెల్లా పెద్ద కథ!

ఆ విరాటపర్వం మన పల్లెల్లో వానలకోసం చదివించుకుంటారు గానీ, నా మటుకు నాకది వేషధారులకు పాఠ్యపుస్తకం. అయిదుగురు అన్నదమ్ములు ఒక సంవత్సరం దాక్కోవాలి. వాళ్ల దగ్గర సామానేముంది? ఒక గరిటె, నాలుగు పాచికలు, కాసిని గాజులు, ఒక కొరడా, ఒక ములుగర్ర. అంతా కలిపి సంతలో కొంటే ఎంతవుతుంది? కానీ వాళ్ల తెలివి చూడండి. ప్రతివాడూ తనకు నిజంగా చేతనైన పనే వేషంగా కట్టుకున్నాడు. ధర్మరాజుకి జూదం తెలుసు, భీముడికి వంట తెలుసు, అర్జునుడికి ఆటపాటలు తెలుసు, నకులుడికి గుర్రాలు, సహదేవుడికి పశువులు తెలుసు. వంట రానివాడు గరిటె పట్టుకుంటే ఒక్క పూటలో తెలిసిపోదూ! అర్జునుడి చేతుల మీద వింటినారి కాయలు కాసి వున్నాయి. వాటిని గాజులతో కప్పుకున్నాడు. అక్కడ మాత్రం విద్య చేయలేని పని సామాను చేసింది. విద్య ఎక్కువైపోయి బయటపడే చోట కప్పిపుచ్చడానికి చవక గాజులు!

వేదం వేంకటరాయశాస్త్రిగారు 1897 నాటి ‘ప్రతాపరుద్రీయం’లో దీన్ని తిరగేసి చూపించారు. రాజుగారి పోలికలున్న చాకలి పేరిగాణ్ణి రాజుగా నిలబెట్టవలసి వస్తుంది. మొహం సరిపోయింది, ఉడుపులు సరిపోయాయి. మరి నోరు విప్పితే? వచ్చేది చాకిరేవు మాటే! పాత్రకు తగిన భాష పెట్టాలని పట్టుబట్టిన శాస్త్రిగారికి ఇంతకంటే మంచి పాత్ర ఎక్కడ దొరుకుతుంది? అయితే నాకెప్పుడూ ఒకటే అనిపిస్తుంది. ఊరందరి బట్టలూ ఉతికి ఆరేసినవాడికి, బట్టలో ఎంత దొరతనం వుందో, ఎంత లేదో రాజుకంటే బాగా తెలిసే వుంటుంది.

అసలు సామాను ఏమీ అక్కర్లేకుండా వేషం కట్టవచ్చునా? కట్టవచ్చు. 1957 నాటి ‘మాయాబజార్’ చూడండి. ఘటోత్కచుడు శశిరేఖ అయిపోయాక సావిత్రిగారి ఒంటిమీద మారిందేమిటి? నడక మారింది, చూపు మారింది, పెదవి విరుపు మారింది. చీర కట్టుకున్న ఆ అమ్మాయిలో గద పట్టిన మగాడు కనిపిస్తాడు. ఆడది మగవాడై, ఆ మగవాడు మళ్లీ ఆడది కావడం! ఆ మాయశశిరేఖ చేతికి చిక్కి పెళ్లిపీటల మీద నలిగిపోయే లక్ష్మణకుమారుడెవరో తెలుసుగా, మా తాడేపల్లిగూడెం రేలంగి వెంకట్రామయ్యగారు. గూడెంలో ‘రేలంగి చిత్రమందిర్’ సినిమా హాలు కట్టించుకున్నదీ, 1975లో కన్నుమూసిందీ అక్కడే. ఘటోత్కచుడు ఎస్.వి. రంగారావుగారు పుట్టింది నూజివీడు. మా వైపు వాళ్లిద్దరినీ అటూ ఇటూ పెట్టుకుని, నడుమ సావిత్రిగారు చేసిన పెళ్లి అది!

ఇదంతా స్టేజీ, సినిమా. అక్కడ దీపాలున్నాయి, తెర వుంది, చూసేవాడు టికెట్టు కొనుక్కుని మోసపోవడానికి సిద్ధపడి వచ్చాడు. పట్టపగలు, మిట్టమధ్యాహ్నం, మన వాకిట్లోకి వచ్చి, మనం పప్పు తాలింపు పెట్టుకుంటుండగా మనల్ని మోసం చెయ్యాల్సిన వాళ్ల మాటేమిటి? పగటివేషగాళ్ల మాట చెబుతున్నాను.

పేరులోనే వుంది వాళ్ల కష్టం. ఎండలో అద్దం పెంకు అద్దం పెంకే. గుగ్గిలం మంట లేదు. దగ్గరగా మూడడుగుల దూరంలో నిలబడి మాట్లాడాలి. ఊళ్లో నాలుగైదు రోజులో, పదిహేను రోజులో మకాం వేసి రోజుకో వేషం కట్టేవారు. సోమయాజులు–సోమిదేవమ్మ, ఫకీరు, బైరాగి, ఎరుకలసాని, శక్తి వేషం, పఠాను. అర్ధనారీశ్వరుడు మరీ కష్టం. ఒకే ఒంటిమీద సగం చీర, సగం పులిచర్మం. చేతిలో గుడ్డ అడ్డంపెట్టుకుని ఒక పక్కన పార్వతి మాట, గుడ్డ మార్చి రెండో పక్కన శివుడి మాట. చివరికి పిట్టలదొర వుండనే వున్నాడు. చిరిగిన కోటు, తలమీద టోపీ, చేతిలో చెక్క తుపాకి! ఆ సామాను ఎవర్నీ నమ్మించడానికి కాదు. ‘చూడండి, నా దగ్గర ఏమీ లేదు’ అని ముందే ఒప్పేసుకుని, ఒట్టి నోటితో కోటలూ పేటలూ కట్టేవాడు. దరిద్రాన్నే దర్జాగా వేసుకుని తిరిగినవాడు వాడొక్కడే.

మా అమ్మమ్మగారి ఊరు కైకలూరు దగ్గర, కొల్లేటి ఒడ్డున. (2022లో జిల్లాలు మళ్లీ గీసినప్పుడు కైకలూరు కృష్ణాజిల్లా వేషం తీసేసి ఏలూరు జిల్లా వేషం కట్టింది.) నాకు ఏడెనిమిదేళ్లప్పుడు, వేసవి సెలవల్లో, ఒకరోజు పొద్దున్న ఖాకీ సంచీ భుజాన వేసుకుని ఒకాయన వచ్చాడు. నెరిసిన మీసం, చెవిలో కలం, చంకలో దారంతో కట్టిన కాయితాల కట్ట. వీధిలో నిలబడి గొంతు సవరించుకుని, తాతగారి పేరు ఇంటిపేరుతో సహా పిలిచి, “కోర్టు అమీనుని. జప్తు వారంటు వుంది” అన్నాడు.

అంతే! తాతయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ ఏడు కొల్లేరు పొంగి చేలు మునిగాయి. అప్పు వున్న మాట నిజమే. ఆ వచ్చినాయన తొందరపడకుండా కట్ట విప్పి, వేలు తడి చేసుకుని ఒక్కొక్క కాయితం తిరగేస్తున్నాడు. కొట్టంలో గేదెలెన్ని అని అడిగాడు. తాతయ్య నిజంగానే లెక్క చెప్పేస్తున్నారు! లోపల్నుంచి అమ్మమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, ఒక్క నిమిషం నిలబడి చూసి, “అమీనువైతే అరుగెక్కి కూచునేవాడివి. కిందే నిలబడ్డావేం నాయనా?” అంది.

ఆయన పగలబడి నవ్వి, సంచీ దించి, “దొరికిపోయాను అమ్మగారూ!” అని రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టాడు.

మీసం దొరకలేదు, కట్ట దొరకలేదు, గొంతు దొరకలేదు. దొరికింది కాళ్లు! జన్మంతా ఇంకొకరి వాకిట్లో నిలబడిన కాళ్లు. అరుగు ఎక్కడమనే ఒక్క చిన్న పని ఆ కాళ్లకి చేతకాలేదు. అప్పట్లో నేను అమ్మమ్మ తెలివికి మురిసిపోయాను. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే మనసు అదోలా అవుతుంది. చవక సామానుతో దొరతనం కట్టుకోవచ్చు గానీ, పేదతనం విప్పుకోవడానికి ఏ ట్రంకుపెట్టె దొరుకుతుంది?

ఇప్పుడీ సంగతంతా ఎందుకు తవ్వుకున్నానంటే, అమెరికాలో వున్న మా మేనల్లుడు ఫోన్లో పెట్టిన పేచీ వల్ల. వాడూ వాడి స్నేహితులూ శనివారం సాయంత్రాలు ఒక బల్ల చుట్టూ చేరి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట ఆడతారు. 1974లో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు పెద్దమనుషులు తెచ్చిన ఆట. ఒకడు కథ చెబుతుంటాడు, మిగతావాళ్లు తలొక పాత్ర. ఏ పని చెయ్యబోయినా నెగ్గుతుందో లేదో పాచిక దొర్లించి చూడాలి. బొమ్మలకొలువూ, హరికథా, జూదం కలిపి వండినట్టుంటుంది. 2014 నాటి రూల్సు పుస్తకం ప్రకారం వేషం పెట్టె ఖరీదు ఆటలో 25 బంగారు నాణేలు. మొహం రంగులు, జుట్టుకి వేసే రంగు, చిన్నాచితకా సామాను అందులోనే. మావాడిది చాటుగా హత్యలు చేసే మాయగాడి పాత్ర. వాడు ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ 13వ మెట్టుకి చేరితేగానీ, ఇంకొకడి మాటనీ రాతనీ నడతనీ మూడు గంటలపాటు గమనించి అచ్చం వాడిలా మసిలే విద్య రాదట. “మరి నా పక్కవాడు మొదటి మెట్టు మీదే పెట్టె కొనేసి కోటలోకి పోతున్నాడు అత్తయ్యా! నేనెందుకు ఏళ్లతరబడి ఆగాలి?” అని వాడి ఏడుపు.

పిచ్చివాడా, మీ ఆటలో తీర్పు చెప్పేవాడికి మా అమ్మమ్మని పరిచయం చెయ్యి, అన్నాను. పెట్టె కొన్నవాణ్ణి కోట గుమ్మం దాకా పోనివ్వాలి. కాపలావాడు దూరం నుంచి చూసి ఊరుకోవాలి. పెట్టె పని అక్కడితో సరి. “ఏరా, నిన్న రాత్రి పహరాకి రాలేదేం?” అని ఎవరైనా ఒక్క మాట అడిగారా, ఇక అక్కణ్ణుంచి లెక్కలోకి వచ్చేది విద్యే! ఆ మూడు గంటలూ చూసి నేర్చుకున్నవాడు గొంతు సవరించుకుంటాడు. పెట్టెగాడు పాచిక దొర్లించుకుని దేవుణ్ణి తలుచుకుంటాడు.

ఇది నా సొంత తీర్పు కూడా కాదు. మన చట్టం ఎప్పుడో ఇలాగే తూచి పెట్టింది. 1860 నాటి శిక్షాస్మృతిలో, ప్రభుత్వోద్యోగి అనుకోవాలనే ఉద్దేశంతో వాళ్ల డ్రెస్సు వేసుకుంటే 171వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, లేకపోతే రెండువందల రూపాయల దాకా జరిమానా. అదే ఉద్యోగినని చెప్పుకుని ఆ హోదాలో ఏదైనా పని చెయ్యబోతే 170వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా! బట్టకి మూడు నెలలు, నాటకానికి రెండేళ్లు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలో బట్టకి జైలు అలాగే మూడు నెలల దగ్గరే వుంది, జరిమానా అయిదువేల దాకా పెరిగింది. నటించినవాడికి మాత్రం ఆరు నెలలకి తక్కువ కాకుండా మూడేళ్ల దాకా వేస్తున్నారు. సామానుకి వెల పెరగకపోయినా విద్యకి పెరిగిందన్నమాట. ఇది సంతోషించవలసిన విషయమో కాదో చెప్పలేను గానీ, లెక్క మాత్రం సరిగ్గా వేశారు.

ఈ విద్య ఒకప్పుడు ప్రాణాల మీదికి కూడా తెచ్చింది. కర్నల్ మెకంజీ సేకరింపజేసిన వాటిల్లో మాచుపల్లి కైఫీయతు ఒకటి. అందులో వున్న కథ ఇది. సిద్ధవటం సీమలో సమ్మెట గురవరాజు పన్నుల కోసం ఆడవాళ్లని చిత్రహింసలు పెడుతుంటే కూచిపూడి భాగవతులు చూశారు. విజయనగరం వెళ్లి వీరనరసింహరాయల ఎదుట ఆటకి నిలిచారు. ఆయన ఏలింది 1505 నుంచి 1509 దాకా. ఒకరు గురవరాజు వేషం కట్టారు, ఇద్దరు భటులయ్యారు, ఒకరు ఆడవేషం. ఏమి చూశారో అదే ఆడి చూపించారు. రాయలు ఆరా తీయించి, నిజమని తేలాక గురవరాజుకి మరణదండన వేయించాడు.

ఆలోచించండి. ఆ వేషం కుదరకపోతే? రాజుగారి కింద పనిచేసే దొరని సభలో వెక్కిరించిన నలుగురు ఆటగాళ్ల గతి ఏమయ్యేది? ఆ ఆడవేషం కట్టినాయన ఒంటిమీద ఏ చీర వుందో కైఫీయతులో లేదు. ఏదో మామూలు చీరే అయివుంటుంది. ఆ ఏడుపు మాత్రం మామూలుగా ఏడ్చి వుండడు.

తిరుపతి గంగమ్మ జాతర కథ కూడా ఇలాంటిదే. ఆడపిల్లల్ని చెరుస్తున్న పాలెగాడు గంగమ్మకి భయపడి దాక్కుంటే, ఆవిడ రోజుకో వేషం కట్టి వెతికిందట. జాతరలో మగవాళ్లు ఇప్పటికీ ఆ వేషాలన్నీ కడతారు. బైరాగి వేషానికి తెల్లసుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు. మూడూ కలిపి పది రూపాయల సరుకుండదు. వాటికి పాలెగాడు బయటికి రాలేదు. దొర వేషం కట్టేసరికి తన ప్రభువే వచ్చాడనుకుని వచ్చేశాడు. వేషం బాగుండడం ఒక ఎత్తు. ఎదటివాడు ఎవరికి లొంగుతాడో తెలుసుకుని ఆ వేషం కట్టడం ఇంకో ఎత్తు. మా కోర్టు అమీను ఊళ్లోకి రాగానే ఎవరికెంత అప్పుందో టీకొట్టు దగ్గర వాకబు చేసుకుని వచ్చాడని తరువాత తెలిసింది లెండి!

ఇప్పుడు వేషాల సామాను గుట్టలు గుట్టలుగా దొరుకుతోంది. స్కూలు వార్షికోత్సవానికి కృష్ణుడి డ్రెస్సు ఆన్‌లైన్‌లో ఆర్డరిస్తే రెండోరోజుకి గుమ్మంలో వుంటుంది. ఫోను ముందు మొహం పెడితే ముసలివాళ్లు కుర్రాళ్లవుతున్నారు. ట్రాఫిక్ సిగ్నళ్ల దగ్గర వెండిరంగు పూసుకుని గాంధీగారిలా కదలకుండా నిలబడే పిల్లల్ని చూస్తే నాకు ముర్దారుసింగే గుర్తొస్తుంది. పల్లెల్లో అరుగులు కూడా తగ్గిపోయాయి. ఇక ఎక్కాడో లేదో ఎక్కడ చూస్తాం?

అన్నట్టు, సంభావన సంగతి చెప్పనేలేదు. పగటివేషగాళ్లు రోజూ డబ్బులడగరు. మకాం ఎత్తేసే రోజున ఒక్కసారే ఇంటింటికీ వచ్చి వసూలు చేసుకుంటారు. ఆ రోజు వేషం వుండదు. మా అమీను అలాగే వచ్చాడు. తెల్లపంచె, ముతక చొక్కా, మీసం లేని బక్క మనిషి. నిన్నటిదాకా ఫకీరుగా వచ్చినా, ఎరుకలసానిగా వచ్చినా చుట్టూ మూగిన పిల్లలం ఎవరమూ ఆటలోంచి తలెత్తలేదు. “ఎవరు బాబూ?” అంది అమ్మమ్మ. వేషాలాయన్ని అన్నాడు. “నిజంగా నువ్వేనని ఏమిటి నమ్మకం? మొన్న పక్క వీధిలో ఎవడో వచ్చి మీ పేరు చెప్పి బియ్యం పట్టుకుపోయాట్ట” అంది ఆవిడ, చేట చేతిలోనే పట్టుకుని.

ఆయన ఒక్క క్షణం నేలవైపు చూశాడు. తరువాత మెల్లిగా గొంతు సవరించుకున్నాడు.

లోపల పడకకుర్చీలో కునికిపాట్లు పడుతున్న తాతయ్య దిగ్గున లేచి నిలబడ్డారు. అమ్మమ్మ నవ్వు ఆపుకుంటూ చేటలో ఇంకో రెండు గిద్దెలు ఎక్కువ వేసింది.

“ఇచ్చి పంపెయ్యవే ముందు!” అన్నారు లోపల్నుంచి తాతయ్య.